పాకాలకు పోయే టికెట్లు

"నాలుగు," అంది వేదవల్లి. "ఆదివారం, సోమవారం, మంగళవారం, ఈ పొద్దు. నాలుగూ తిరుపతి నుంచి పాకాలకే."

ఉతకడానికి తీసిన ఉత్తరీయం కొంగుముడిలో దొరికిన రైలు టికెట్లు అవి. వాటిని ఒక్కొక్కటిగా చాప మీద పరిచింది. గాలికి ఎగిరిపోకుండా అంచున నీళ్ళ చెంబు పెట్టింది.

యతిరాజులు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నుదుట నామం చెదరలేదు. కళ్ళు టికెట్ల మీద లేవు, చెంబు మీద ఉన్నాయి.

"నేనడిగేది ఒక్కటే. తెల్లారి ఐదు గంటలకు తలకు పోసుకొని, నామం పెట్టుకొని మీరు పోయేది గుడికా, రైలు స్టేషనుకా?"

ఆయన చెయ్యి చాచి చెంబును సరిగ్గా పెట్టాడు.

"ధనుర్మాసం. చలికి వణుక్కుంటా ముసలీ ముతకా అంతా గుడి కాడ ఉండారు. ముప్ఫై ఏళ్ళుగా పాశురాలు చెప్పే గోష్ఠిలో ముందు గొంతు మీది. మీరు పాకాల జంక్షన్లో ఏం సేవిస్తాండారు? ఇడ్లీనా?"

"పాకాలలో నాకు పనుండాది."

"ఏం పని?"

"పని."

"రిటైరై ఐదేళ్ళయిన లెక్కల అయ్యవారికి పొద్దున్నే పాకాలలో ఏం పనండీ?"

వంటింటి గడప దగ్గర రంగప్రియ నానిన అనపగింజలు పితుకుతోంది. రెండు వేళ్ళతో నొక్కితే పప్పు గిన్నెలో పడుతుంది, తొక్క వేళ్ళకు మిగులుతుంది. సోమవారం సాయంత్రం చెప్పాపెట్టకుండా బెంగళూరు నుంచి వచ్చినప్పటి నుంచీ ఆమె చేతికి ఏది ఇస్తే అది చేస్తోంది. బట్టలు మడవమంటే మడిచింది. అన్నం తినమంటే తిన్నది. ఎందుకు వచ్చావంటే మాత్రం ఒకే మాట చెప్పింది, తప్పినానని.

"విడిచిపెట్టు వేదా," అంది నారాయణి. ఆమె యతిరాజులుకు అక్క. ఎనభై దగ్గర పడింది. వీధి గుమ్మం పక్కన గోనెపట్టా వేసుకుని కూర్చోవడం ఆమెకు నలభై ఏళ్ళ అలవాటు. "మనిషి తిరిగొచ్చినాడు గదా. పోయినోళ్ళు తిరిగొస్తే ఎందుకు పోయినావని అడగకూడదు."

"అడక్కపోతే ఎట్ల వదినా? పూలంగడి కాడ, గోష్ఠిలో ఈయన పక్కన కూర్చునే పరాశర్ వాళ్ళమ్మ నన్ను పట్టుకునింది. శనివారం గోష్ఠిలో మీ ఆయన సగం పాశురంలో ఆగిపోయినాడు, ఆరోగ్యం బాగుండాదా అని అడిగింది. నలుగురి ముందర. నాకేమో తెలీదాయె. బాగుండాదని చెప్పి మల్లెపూలు కొనుక్కొని వచ్చినా. ధనుర్మాసంలో మల్లెపూలు. వాడిపోయినవి."

యతిరాజులు తల ఎత్తాడు.

"పరాశర్‌కు గొంతుండాది గానీ నోటికి కుదురు లేదు."

"వాడు మీకు ఫోన్లో పాశురం తెరిచి చూపించినాడంట. మీరు చెయ్యి తోసేసినారంట. అది నిజమా, కాదా?"

"గొంతు పట్టేసింది."

"గొంతు పట్టేసిన మనిషికి మిరియాల కషాయం ఇస్తారు. పుస్తకం చూపిస్తారా ఎవరైనా?"

రంగప్రియ వేళ్ళ మధ్య నుంచి ఒక గింజ జారి, చాప మీదుగా దొర్లి, టికెట్ల మధ్య ఆగింది.

వేదవల్లి వంగి టికెట్లను మళ్ళీ చూసింది. "నాలుగూ పోయే టికెట్లే. వచ్చే టికెట్ ఒక్కటీ లేదు. వచ్చేది ఎట్ల వస్తాండారు? నిన్న రెండు గంటలకు ఆటోవాడు ఇంటి ముందర దించిపోయినాడు. స్టేషన్ నుంచి నడిచొచ్చే దూరానికి ఆటో ఎందుకు?"

"ఎండ."

"మార్గశిరంలో ఎండ," అంది వేదవల్లి. అని, ఇక ఆయనతో లాభం లేదన్నట్టు కూతురి వైపు తిరిగింది. "ఈ ఇంట్లో ఇద్దరు. ఒకరు గుడికి పోరు. ఒకరు బెంగళూరికి పోరు. శుక్రవారం పది గంటలకు నీకు మళ్ళీ పరీక్ష. ఇది కూడా పోతే ఇంక పిలవరని నువ్వే చెప్పినావు. రేపు పొద్దున రైలెక్కకపోతే ఎట్ల?"

"పోనని నేను చెప్పలేదమ్మా."

"పోతానని కూడా చెప్పలా."

"బస్సులో పంపించు వేదా, తొందరగా పోతాది," అంది నారాయణి.

"బస్సా వదినా? పలమనేరు ఘాటు ఎక్కేలోపల నాలుగు కవర్లు కావాల దీనికి. నూటెనభై మందిని ఆకాశంలో మోసే పిల్ల మొగిలి మలుపుల్లో కిటికీకి తల ఆనిస్తాది."

నారాయణి నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదని చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

*

భోజనాలయ్యాక యతిరాజులు కూతురి గదిలోకి వచ్చాడు. మంచం మీద కూర్చోకుండా కుర్చీ లాక్కున్నాడు.

ఆమెకు నాలుగేళ్ళప్పుడు కూడా ఇలాగే కూర్చునేవాడు. ఆడపిల్ల గుడిలో గోష్ఠి కూర్చోదు. అయినా ఇంట్లో నేర్పాడు. పుస్తకం ఆయన చేతిలో, పిల్ల చూపు గోడ మీద. పిల్ల పుస్తకం వైపు తొంగి చూస్తే మోకాలి మీద వేలితో కొట్టేవాడు. చూసి చెప్పేది చదువు కాదు పాపా, చూడకుండా చెప్పేదే చదువు, అనేవాడు. ఆ ఇంట్లో మూడు తరాల మగవాళ్ళు పుస్తకం ముట్టకుండా పాశురాలు సేవించారు. పుస్తకం అలమరలో పసుపు గుడ్డలో ఉండేది. ఉందని అందరికీ తెలుసు. తెరవవలసి రావడం తలవంపు.

"తే ఆ పుస్తకం," అన్నాడు.

"ఏ పుస్తకం నాయనా?"

"నువ్వు దేంట్లో తప్పినావో అదే. ఎందుకు నోటికి రాదో నేను చూస్తా."

ఆమె సంచిలోంచి తీసి ఇచ్చింది. ఇనుప చుట్టతో కుట్టిన పుస్తకం. విమానంలో ఏది చెడితే ఏం చేయాలో వరసగా రాసి ఉంటుంది. ఫ్లాప్స్ పేజీ అంచు మడిచి ఉంది.

యతిరాజులు కళ్ళద్దాలు సర్దుకుని, పేజీ మీద వేలు పెట్టాడు.

"చెప్పు."

ఆమె గోడ వైపు చూసి చెప్పింది. పేజీలో పదకొండు వాక్యాలు. నీళ్ళు జారినట్టు జారిపోయాయి. ఎక్కడా ఊపిరి తీసుకోలేదు.

"మళ్ళీ."

మళ్ళీ చెప్పింది.

"ఇంకొకసారి."

మూడోసారి అయ్యేసరికి ఆయన ముఖం విచ్చుకుంది. వచ్చినప్పటి నుంచీ ఆ ముఖం అలా ఉండటం ఆమె చూడలేదు. "ఒక పొల్లు పోలా. ఎవరమ్మా నిన్ను తప్పినావన్నది? ధార చూడు ఎట్లుండాదో. అచ్చం మా నాయన ధార."

రంగప్రియ గోడ మీంచి చూపు తిప్పింది. మూడోసారి చెబుతున్నప్పుడు ఆమెకు తన గొంతు తనకే వినిపించింది. నాలుగో వాక్యం తర్వాత ఆరోది వచ్చింది. ఐదోది లేదు. మొదటిసారీ లేదు, రెండోసారీ లేదు.

"నాయనా, ఐదోది వదిలేసినా."

"లేదే."

"మూడుసార్లూ వదిలేసినా. చూడు."

ఆయన వేలు ఇంకా మొదటి వాక్యం దగ్గరే ఉంది. ఆయన చూడలేదు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ధార ఉంటే చాలు. ఒకటి అటూ ఇటూ అయినా ధార లాక్కుపోతాది."

"అట్ల లాక్కుపోయిందనే తప్పినా నాయనా."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వేరే ఎవరికో జరిగినట్టు చెప్పింది.

"ఇద్దరం కూర్చుంటాం. ఒకరు నడపాల, ఇంకొకరు పుస్తకం చూసి చదవాల. ఆ దినం నాతో నేర్చుకునే హృషీకేశ్ నడిపినాడు. నేను చదవాల. నిజం విమానం కాదు, సిమ్యులేటర్. గదంత డబ్బా, కాళ్ళ మీద నిలబడి ఊగతాది. దిగేదానికి ముందు రెక్కల వెనకుండే ఫ్లాప్స్ దించినాం. సగంలో ఆగిపోయినాయి."

"ఆగితే?"

"ఎంత దిగినాయో చూపించేదానికి గడియారంలాగా ఒకటుంటాది. రెండు ముళ్ళు. ఒకటి ఎడమ రెక్కది, ఒకటి కుడి రెక్కది. రెండూ ఒక్క చోటే ఆగిపోయినాయంటే ఈ పేజీ. ఒకటి ఒక చోట, ఇంకొకటి ఇంకొక చోట ఆగినాయంటే వేరే పేజీ. ఐదో వాక్యం అదే అడగతాది. రెండు ముళ్ళూ ఒక్క చోటే ఉండాయా, చూడు అని. నాకు ఈ పేజీ నోటికొచ్చు. చూడలా. నోరు ఆగలా."

"ఆగకపోతే?"

"ఎడమది ఆడనే నిలబడిపోయింది, కుడిది ఇంకా కొంచెం దిగి ఆగింది. ఈ పేజీ ప్రకారం వేరే స్విచ్చితో దించబోయినా. రెండు పక్కలూ సమానంగా లేనప్పుడు ఆ స్విచ్చి ముట్టకూడదు. విమానం ఒక పక్కకు ఒరిగింది. హృషీకేశ్ పట్టుకోలేకపోయినాడు. వెనక కూర్చొని పరీక్ష చేసే కెప్టెన్ జయరావు మీట నొక్కి అంతా ఆపేసినాడు. ఊగేది ఆగిపోయింది. నేను ఇంకా చెప్తానే ఉన్నా. తొమ్మిదో వాక్యం, పదో వాక్యం."

యతిరాజులు ఒళ్ళో పుస్తకాన్ని తిప్పి పెట్టుకున్నాడు.

"ఆయన మన పక్కాయనే. తెలుగులో అన్నాడు. అమ్మా, నిన్ను పారాయణం చెయ్యమన్లేదు, చదవమన్నా, అని."

బయట వేదవల్లి గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించింది.

"అంటే నేను నేర్పిందే తప్పు," అన్నాడు యతిరాజులు.

"అట్ల అన్లేదు."

"అదే అన్నావు."

"కొన్ని నోటికి రావాల నాయనా. ఇంజనుకు మంటొస్తే మొదట చేసేవి నోటికి రావాల. దీన్ని మాత్రం చూడాల, చెయ్యాల, మళ్ళీ చూడాల. వందసార్లు వచ్చినా వందసార్లూ చూడాల."

"చూసేవాడికి తన మీద తనకు నమ్మకం లేనట్ల."

"నమ్మకూడదనే ఆ పుస్తకం రాసినారు."

ఆయన కుర్చీలో కదిలాడు. ఆమె ఆపాల్సింది. ఆపలేదు.

"ఒక పని చేద్దాం నాయనా. రేపు నువ్వు అలమరలో పుస్తకం తీసుకొని గుడికి పో. చూసి సేవించు. నేను ఈ పుస్తకం పట్టుకొని బెంగళూరికి పోతా. నువ్వు పోతే నేను పోతా."

"మా నాయన రెండు కళ్ళూ పోయినాక కూడా ఒక్క అక్షరం తప్పలా."

"తాతకు పోయింది కళ్ళు. నీకు పోయింది అది కాదు గదా."

ఎందుకు అలా అన్నదో ఆమెకు తెలియదు. నోరు ఆగలేదు, అంతే.

"ఏం పోయింది నాకు?" అన్నాడు యతిరాజులు.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత పుస్తకం మంచం మీద పెట్టి లేచాడు. గది గుమ్మంలో నిలబడి కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. పెరటి వైపు నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి, వీధి వైపు వెళ్ళాడు.

కోపంలో ఉన్నాడని ఆమె అనుకుంది.

*

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నారాయణి మేనకోడలిని పిలిచింది.

"ఆ కాగితం ఒక మూల ఊడి వచ్చింది పాపా. అంటించు."

వీధి తలుపు లోపలి వైపు ఒక కాగితం ఉంది. నారాయణి రాసింది. కళ్ళద్దాలు. తాళం. టికెట్. నీళ్ళు. మందులు. ఫోను. అన్నిటికీ కింద పెద్ద అక్షరాలతో, ఏమైనా మరిచిపోయినావా. ఇంట్లోంచి ఎవరు ఊరికి పోయినా ఆమె లేచి నిలబడి, ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుతుంది. పోయేవాళ్ళు ఒక్కొక్కటీ ఉందని చెప్పాలి. చివరి మాట చదివాకే గుమ్మం దాటాలి. ఆటో హారన్ కొడుతున్నా ఆమె ఆగదు. పిల్లప్పుడు రంగప్రియ దానికి సిగ్గుపడేది.

"ఇన్నేళ్ళు చదివినావు గదా అత్తా. నోటికి రాలేదా?"

"ఎందుకు రాలా? నిద్రలో లేపినా చెప్తా."

"మరి చూసి చదువుతావెందుకు?"

నారాయణి వేలితో కాగితం అంచు అదిమింది.

"మీ మామ సత్యవేడులో సొసైటీ ఆఫీసులో పనిచేస్తా ఉన్న్యాడు గదా. ఆ పొద్దు బయల్దేరినాడు. పులిహోర కట్టిచ్చినా. నీళ్ళిచ్చినా. కళ్ళద్దాలు కిటికీలోనే ఉండిపోయినాయి. రోజూ పెట్టుకొనే పోతాడు గదా, ఇంక అడిగేదేముండాదని అడగలా. పోయినాక చూసినా. సరేలే, వీటి కోసమైనా మలుపు కాడి నుంచి తిరిగొస్తాడనుకుంటి."

ఆ మామ తిరిగి రాలేదన్నది రంగప్రియకు తెలుసు. ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు. నలభై ఒక్క ఏళ్ళయింది. కళ్ళద్దాలు ఇంకా నారాయణి పెట్టెలో ఉన్నాయి.

"అప్పుడు నాకు ఓనమాలు రావు. తర్వాత శెట్టి అంగట్లో పొట్లం కట్టిన కాగితాలు చూసి నేర్చుకొన్యా. రాసిపెట్టుకుంటే నా బుద్ధిని నమ్మే పని లేదు." ఆమె మళ్ళీ పట్టా మీద కూర్చుంది. "అది సరే గానీ, ఈ ఫ్లాప్స్ అనేది ఏంది? మీ నాయన గదిలోంచి వచ్చి ఒకటే గొణుక్కుంటా ఉండాడు, ముళ్ళు ముళ్ళు అని."

ఎదురింటి పిట్టగోడ మీద కాకి వాలబోతోంది. రెక్కలు వెడల్పుగా విప్పి, తోక కిందికి వంచి, నెమ్మదించి వాలింది.

"అదో, అదే అత్తా. దిగేటప్పుడు రెక్క పెద్దది చేసుకుంది చూడు. విమానానికి రెక్క వెనక అట్ల జారి దిగే రేకులుంటాయి. అవి దిగితేనే మెల్లగా పోగలదు. దిగకపోతే జోరుగా దిగాల, పొడుగు రోడ్డు కావాల. అయినా దిగొచ్చు. పడిపోదు."

"మరి ఒక రెక్కే విప్పితే?"

"అదే ప్రమాదం."

నారాయణి కాకిని చూస్తూ ఉంది.

"మీ నాయన్ను ఒకసారి బాగా చూడు పాపా," అంది. "పోయేముందు."

"చూస్తానే ఉన్నా గదా."

"ఊఁ."

*

గురువారం తెల్లవారి రంగప్రియ లేచేసరికి తండ్రి లేడు. వేదవల్లి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"అలమర చూడు. పుస్తకం తీసుకుపోయినాడు. పసుపు గుడ్డతో సహా. నువ్వేం చెప్పినావో గానీ, గుడికి పుస్తకం పట్టుకొని పోయినాడే మీ నాయన."

రంగప్రియ అలమర చూసింది. పుస్తకం ఉన్న చోట దుమ్ము లేని చదరం ఒకటి మిగిలింది. ఆమె వెళ్ళి సంచి సర్దుకుంది. తను అడిగినట్టే తండ్రి పోయాడు. ఇక తన వంతు.

సంతోషం కలగాలి. కలగలేదు. దుఃఖం కూడా లేదు. పళ్ళు తీయించుకున్నాక చెంప ఉన్నట్టు ఉంది.

"ఈ పొద్దు కూడా నాకు చదవనీలా," అంది నారాయణి గుమ్మం దగ్గర. "నేను లేచేలోపలే పోయినాడు. ఈ నాలుగు దినాలు తప్పితే నలభై ఏళ్ళలో ఒక్క పొద్దు కూడా నా కాగితం వినకుండా ఊరు దాటలా వాడు."

"ఊరు దాటేదేముంది వదినా, వీధి చివర గుడే గదా," అంది వేదవల్లి.

నారాయణి వినిపించుకోలేదు. లేచి నిలబడి రంగప్రియకు చదివింది. కళ్ళద్దాలు. లేవత్తా, నాకు అక్కర్లేదు. అక్కర్లేదని చెప్పకూడదు, చూసి చెప్పు. లేవు. తాళం. ఉంది. టికెట్. ఉంది. నీళ్ళు. మందులు. ఫోను.

"ఏమైనా మరిచిపోయినావా?"

"లేదు. వస్తా అత్తా."

ఆటో గుడి ముందు నుంచి పోతే చుట్టు. డ్రైవర్ అటు పోలేదు. ఆమె పొమ్మనలేదు.

కాట్పాడిలో మారి బెంగళూరు పోవాలి. రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. ఆమె పుస్తకం తెరిచి, ఫ్లాప్స్ పేజీ తీసి, అత్తలాగా మొదటి మాట కింద వేలు పెట్టింది. కూడబలుక్కుని చదివింది. నోరు ముందుకు పరిగెత్తబోయింది. వేలు ఆపింది. ఐదో వాక్యం దగ్గరకు వచ్చేసరికి చంద్రగిరి దాటింది. వేలు అక్కడే ఉంచి, తల ఎత్తి, లేని ముళ్ళను చూసి, మళ్ళీ తల దించింది. ఆరోది చదివింది. మొదటిసారి పదకొండూ వచ్చాయి.

పాకాలలో బండి ఐదు నిమిషాలు ఆగుతుందని ఎదుటి సీటాయన అన్నాడు.

బండి ఆగింది. కిటికీ అవతల వేపచెట్టు కింద సిమెంటు బెంచీ మీద యతిరాజులు కూర్చుని ఉన్నాడు.

నామం ఉంది. ఉత్తరీయం ఉంది. ఒళ్ళో పసుపు గుడ్డ, గుడ్డ మీద తెరిచిన పుస్తకం. ఆయన వేలు వాక్యం కింద నెమ్మదిగా కదులుతోంది. పెదాలు కదులుతున్నాయి.

ఆమె సంచి సీటు మీదే వదిలి దిగింది. దగ్గరకు పోయి నిలబడింది. ఆయన పాశురం చివరి దాకా చదివి, అప్పుడు తల ఎత్తాడు.

ఆమెను చూసి నవ్వాడు. నిండుగా, మర్యాదగా నవ్వాడు.

"ఈ బండి తిరుపతికేనాండీ?"

ఆమెకు మొదట అర్థం కాలేదు.

"కాదు నాయనా. తిరుపతి నుంచి వస్తాండేది."

ఆ పక్క ఏ ఆడపిల్లయినా పెద్దవాళ్ళను నాయనా అని పిలవవచ్చు. ఆయన అలాగే అనుకున్నాడు.

"సంతోషం తల్లీ. పోయే బండేదో వచ్చే బండేదో ఈడ ఒక్కరూ సరిగ్గా చెప్పరు. నాలుగు దినాలుగా ఇదే గోల. ఒక దినం టీ అంగడాయన బస్సెక్కించినాడు. ఒక దినం ఎవురో పిల్లోడు తిరుపతి దాకా వచ్చి ఆటోలో కూర్చోబెట్టినాడు. మంచోళ్ళు." ఆయన పుస్తకం మీద అరచెయ్యి వేశాడు. "మా పాప వచ్చినాది ఇంటికి. మీ ఈడే ఉంటాది. విమానం నడపతాది. చూసి చదవాల నాయనా అనింది. గుడిలో నోటికి రాక ఈడికొచ్చి కూర్చుంటా ఉంటి, ఇప్పుడు చూసి చదివేది నేర్చుకుంటాండా. ఇంట్లో అయితే అందరూ చూస్తారు గదా. మీరు చదువుకున్నట్లుండారు, చెప్పండి, ఈ వయసులో వస్తాదంటారా?"

మీరు అన్నాడు. పుట్టిన ఇరవై ఆరేళ్ళలో ఆ మాట ఆయన నోట ఆమె వైపు రాలేదు.

ఆమె ఆయన్ని చూసింది. కళ్ళద్దాలు. ఉన్నాయి. టికెట్, కొంగుముడిలో ఉంది. నీళ్ళు లేవు. మందులు లేవు. ఫోను లేదు. చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నాడు. ఎడమ కాలికి ఆయన చెప్పు, కుడి కాలికి అమ్మ చెప్పు.

నిన్న గది గుమ్మంలో అటూ ఇటూ చూశాడు. మూడుసార్లు వదిలేసిన వాక్యాన్ని పట్టుకోలేదు. నాలుగూ పోయే టికెట్లే. అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి.

ఫోను తీసింది. అమ్మ పేరు వెతికింది. అమ్మ ఇప్పుడు గుడికి బయల్దేరి ఉంటుంది, గోష్ఠిలో ఆయన్ని చూడటానికి. గంట మోగుతూనే ఉంది. ఎత్తలేదు.

ఇంజను కూత వేసింది. కిటికీలోంచి ఎదుటి సీటాయన ఆమె సంచి ఎత్తి చూపించి, చెయ్యి ఊపాడు.

"మీ బండేమో, పోండి తల్లీ," అన్నాడు యతిరాజులు.

రేపు పది గంటలకు. ఇది కూడా పోతే ఇంక పిలవరు.

ఆమె వెనక్కి నడిచి, పెట్టె తలుపు పక్క కడ్డీ పట్టుకుని, ఒక కాలు మెట్టు మీద పెట్టింది. రెండో కాలు ప్లాట్‌ఫారం మీదే ఉంది. చక్రాలు కిర్రుమన్నాయి. ఆమె ఎక్కలేదు, దిగలేదు, తల తిప్పి చూసింది.

యతిరాజులు పుస్తకం మూసి బెంచీ మీంచి లేచాడు. కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఊరికి పోయే పరాయి పిల్లను పలకరించినట్టు, ఎంతో మెత్తగా అడిగాడు.

"ఏమైనా మరిచిపోయినారామ్మా?"